ట్రంకు పెట్టెలో నిజాం టపా

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నకొద్దీ అటకల మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతున్నాయి. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండల నుంచి వచ్చి ఇటువైపు స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతల నాటి పహాణీలు, రసీదులు, ఉత్తరాలు కూడా వాళ్ళ వెంట వచ్చాయి. పెట్టె తెరిచాక భూమి కాగితాలు ఏరి పక్కన పెట్టుకుంటారు. మిగతాదంతా కిలోల లెక్కన పాత పేపర్లు కొనేవాళ్ళకు పోతుంది. ఆ మిగతాదాని కోసమే నా తాపత్రయమంతా.

నేను తపాలా శాఖలో చేసి రిటైరయ్యాను. ఉండేది దిల్‌సుఖ్‌నగర్ పీ అండ్ టీ కాలనీ. సర్వీసంతా ఉత్తరాల మీద ముద్రలు కొట్టినదాన్ని, ఇప్పుడు నిజాం కాలపు ముద్రలున్న కవర్లు పోగుచేస్తున్నాను. నిజాం రాజ్యానికి సొంత రూపాయి, సొంత రైలు ఉండేవని చాలామందికి తెలుసు. సొంత తపాలా కూడా ఉండేదంటే మాత్రం పెద్దవాళ్ళే ఆశ్చర్యపోతారు.

ఆ రాజ్యం మొదటి స్టాంపు 1869 సెప్టెంబరులో వచ్చింది. ఒక అణా, ఆలివ్ పచ్చ రంగు. అప్పటికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మూడేళ్ళ పసివాడు. రాజ్యభారమంతా దివాను మొదటి సాలార్‌జంగ్ చూసుకునేవాడు. ఆ స్టాంపుకు అచ్చు పలక లండన్‌లో తయారైంది. మరుసటి ఏడాది అర్ధణా, రెండణాల స్టాంపులకు పలకలు ఇక్కడే చెక్కించారు. నన్ను ఈ పిచ్చిలోకి దించినవి అవే. ఒక్కో విలువకు 240 బొమ్మలు, ప్రతిదీ విడిగా చేత్తో చెక్కిందే. భూతద్దం కింద పెడితే ఒకదానిలో అక్షరం వంపు కాస్త ఎక్కువగా ఉంటుంది, ఇంకోదానిలో అంచు గీత లావెక్కి ఉంటుంది. ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. చేతికొచ్చిన స్టాంపు ఆ 240లో ఎన్నోదో తేల్చడానికి కూర్చుంటే పూట గడిచిపోతుంది.

మా పక్కింటి అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఆల్బమ్ తిరగేస్తూ, "ఆస్ట్రేలియాకి కూడా ఇలాంటివి ఉన్నాయా ఆంటీ?" అని అడిగాడు. లేకేం నాన్నా! 1901లో ఒక్కటి కాకముందు ఆస్ట్రేలియా ఆరు వలస రాజ్యాలు. ఎవరి స్టాంపులు వాళ్ళవే. న్యూ సౌత్ వేల్స్ 1850లో సిడ్నీ బొమ్మతో వేసిన పెన్నీ స్టాంపు పలకలో 25 బొమ్మలుంటే, వాటినీ ఒక్కొక్కటిగానే చెక్కారు. అక్కడి సేకర్తలు కూడా ఏది ఎన్నోదా అని నాలాగే కళ్ళు పొడుచుకుంటారు. పశ్చిమ ఆస్ట్రేలియా 1854లో నల్ల హంస బొమ్మ వేసింది. ఆ మరుసటి ఏడాది నాలుగు పెన్నీల వాటిలో కొన్నింటికి చట్రం తలకిందులుగా పడింది. ప్రపంచం ఈనాటికీ వెతుక్కునే తప్పచ్చు అది. దేశం ఒక్కటైనా, అందరికీ కలిపి కంగారూ స్టాంపు రావడానికి 1913 దాకా పట్టింది. మనకు అంత ఆలస్యం కాలేదు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది, 1950 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడా ఇండియా స్టాంపులే.

బ్రిటిష్ ఇండియా స్టాంపు మీద రాజుగారి తల లేకుండా ఉండదు. నిజాం తన స్టాంపు మీద తన బొమ్మ ఎన్నడూ వేయించుకోలేదు. 1931లో వచ్చిన వరస చూడండి: అణాకు చార్మినార్, రెండణాలకు హైకోర్టు, నాలుగణాలకు ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలకు అజంతా గుహల ద్వారం, పన్నెండణాలకు బీదర్ కళాశాల, రూపాయికి దౌలతాబాద్ విజయ స్తంభం. ఈ ఆరూ ఇప్పుడు తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకల్లో పడ్డాయి. విలువ ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ మరాఠీలోనూ రాసి ఉంటుంది. రాజ్యం చివరి రోజుల్లో మూడణాల స్టాంపు మీదికి ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం ఎక్కింది. నా ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

నిజాం స్టాంపు చెల్లేది నిజాం రాజ్యంలోనే. ఇక్కడి నుంచి నల్లగొండకు రాస్తే చార్మినార్ స్టాంపు సరిపోయేది. అదే రోడ్డున కోదాడ దాటి బెజవాడకు పోవాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావలసిందే. అందుకే ఉత్తరం ఏ ఊళ్ళో బయలుదేరిందో, ఎక్కడికి చేరిందో ముందు చూస్తాను, స్టాంపు ధర సంగతి తర్వాత.

నా దగ్గరున్న ఒక కవరు నల్లగొండ నుంచి హైదరాబాదు వచ్చింది. గోధుమ రంగు చార్మినార్ అణా స్టాంపు. ముద్ర సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడింది. చిరునామా ఉర్దూలో ఉంది, లోపలి ఉత్తరం తెలుగులో ఉంది. పండక్కి తనను తీసుకుపొమ్మని కూతురు తండ్రికి రాసుకుంది. పైన సంవత్సరం 1352 ఫస్లీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరపు లెక్క. దానికి 590 కలిపితే 1942, జనవరి వచ్చాక రాసిందైతే 591 కలపాలి. కవరు తిప్పితే వెనకాల హైదరాబాదు చేరినప్పటి ముద్ర. ఈ చార్మినార్ స్టాంపు విడిగా ఎక్కడైనా దొరుకుతుంది, దానికి లక్షలేమీ రావు. కానీ నీళ్ళలో నానబెట్టి దాన్ని ఊడదీస్తే ముద్ర రెండు ముక్కలవుతుంది, సిరా అలుక్కుపోతుంది. ఆ అమ్మాయి ఏ ఊరి నుంచి ఎప్పుడు రాసిందన్నదానికి ఉన్న ఒక్క సాక్ష్యం అక్కడితో సరి.

ఇంతకన్నా ఘోరం లామినేషన్. పాత కాగితం కదా, భద్రంగా ఉంటుందని జిరాక్స్ షాపులో వేడి ప్లాస్టిక్ వేయించేస్తారు. అది మళ్ళీ ఊడి రాదు. చిరిగినచోట సెల్లోటేపు కూడా అంటించొద్దు, కొన్నేళ్ళకు దాని జిగురు పచ్చగా కాగితంలోకి దిగిపోతుంది. వానాకాలం చెమ్మకు స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి కాబట్టి పెట్టెలో కుక్కకుండా విడివిడి కాగితపు సంచుల్లో పెట్టండి. కోర్టు ఫీజు స్టాంపులు, రెవెన్యూ స్టాంపులు ఉత్తరాలవి కావు. కానీ వాటినీ దస్తావేజు నుంచి కత్తిరించకండి.

పిల్లలకు కొత్త స్టాంపులతో మొదలుపెట్టిస్తే మంచిది. మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగితే అబిడ్స్ జీపీఓ దగ్గరే, అక్కడి ఫిలాటెలిక్ బ్యూరోలో కొత్త స్టాంపులు అమ్ముతారు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే పిల్లల్లో స్టాంపుల సేకరణ ఉన్నవాళ్ళకు తపాలా శాఖ దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. దానికి క్విజ్ రాయాలి, ప్రాజెక్టు చేయాలి. ఇంట్లో ఉన్న ఒక్క నిజాం కవరు మీదే మంచి ప్రాజెక్టు అవుతుంది.

ఆ కవరు ఎవరు ఎవరికి రాసిందో చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. పేర్లు, ఊరు, చుట్టరికం వేరే చీటీ మీద పెన్సిల్‌తో రాసి సంచిలో పక్కన పెట్టండి. కవరు మీద మాత్రం ఏమీ రాయొద్దు.