‘అన్నం తిన్నావా?’ అని అడిగామా?

నెల్లూరు తీరాన మాది చిన్న సంఘం. ఒకవైపు రొయ్యల గుంటలు, మరోవైపు బకింగ్‌హామ్ కాలువ. వేటకు వెళ్లేవారు, గుంటల దగ్గర కాపలా ఉండేవారు, కూలికి పోయేవారు, ఇద్దరు ముగ్గురు టీచర్లు - సంఘమంటే అంతే. అలాంటి మా మధ్య నుంచి ఒక యువ జంట మిషనరీలుగా తూర్పు ఆఫ్రికాకు బయలుదేరిన ఆదివారం మందిరం పట్టలేదు. పెద్దలం చేతులుంచి ప్రార్థించాం. స్త్రీల సమాజం వాళ్లు వంటకు ముందు తీసిపెట్టిన గుప్పెడు గుప్పెడు బియ్యం అమ్మి, ఆ డబ్బు కవరులో పెట్టి ఇచ్చారు. నెలనెలా సాయం పంపుతామని, మరచిపోమని మాట ఇచ్చాం.

డబ్బు మరచిపోలేదు. కానీ మరోటి మరచిపోయాం.

ప్రతినెలా మొదటి ఆదివారం ఆరాధన కాగానే ఫోన్ చేసేవాళ్లం. మేము అడిగే ప్రశ్న ఒక్కటే: “ఈ నెల ఎంతమంది ప్రభువులోకి వచ్చారు?” మొదట్లో ఆ అబ్బాయి ఉత్సాహంగా చెప్పేవాడు. పోనుపోను మాటలు తగ్గాయి. “ప్రార్థించండి అయ్యగారూ” అని ముగించేవాడు. పరిచర్యలో చల్లారిపోయాడేమోనని మాలో కొందరు అనుమానపడ్డారు కూడా. ఎనిమిదో నెలలో ఫోన్ మా చేతిలో ఉండగా, స్త్రీల సమాజంలో పెద్దామె దాన్ని తీసుకుని, “ఏం అబ్బయ్యా, అన్నం తిన్నావా?” అంది.

అవతలి నుంచి జవాబు రాలేదు. కాసేపటికి వెక్కిళ్లు వినిపించాయి.

ఆ రోజు గంటసేపు మాట్లాడాడు. భార్యకు మూడుసార్లు మలేరియా వచ్చిందట. అన్నం వారానికి ఒక్కసారే. మిగతా రోజులు అక్కడివారు తినే మొక్కజొన్నపిండి ఉగాలి. “మన సంగటిలాగే ఉంటుందమ్మా, పులుసే ఉండదు” అన్నాడు. తెల్లవారక ముందే నీళ్లకు వెళ్లాలి. తరువాత ఒక బడిపిల్లవాడి దగ్గర స్వాహిలీ పాఠం. ఒక్క మాట తప్పు పలికితే వీధి వీధంతా నవ్వుతుంది. పగలు పిల్లలకు లెక్కలు చెప్పడం, ఎవరికైనా జ్వరమొస్తే వెంటబెట్టుకుని దూరాన ఉన్న ఆసుపత్రికి నడవడం. రాత్రి దీపం ముందు ఇద్దరే కూర్చుని తెలుగులో ప్రార్థించుకోవడం. “ఇందులో రిపోర్టులో రాయడానికి ఏముంది?” అని అడిగాడు.

మేము తలలు వంచుకున్నాం. అతను దాచింది ఏమీ లేదు. మేమే అడగలేదు.

ఆ తరువాత చాలా రోజులు ఈ తీరపు చరిత్రే మమ్మల్ని ప్రశ్నించింది. ఎందుకంటే ఒకప్పుడు ఇదే ‘పరదేశం’. 1835 సెప్టెంబరులో శామ్యూల్ డే అనే బాప్టిస్టు యువకుడు బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1836 ఫిబ్రవరికి కలకత్తా చేరారు. విశాఖపట్నం, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరులో నివాసం ఏర్పరచుకున్నారు. మన ఎండ, మన జ్వరాలు, మన ఒత్తులు గుణింతాలు - అన్నీ ఆయనకు కొత్తే. ఇంటికి ఉత్తరం రాస్తే చేరడానికి నెలలు పట్టే రోజులవి. 1844లో నెల్లూరు సంఘం ఏర్పడింది. సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1849లో లైమన్ జూయెట్ వచ్చి చేరారు. లెక్క మాత్రం పెరగలేదు.

1853లో అమెరికాలోని ఆల్బనీ నగరంలో జరిగిన మిషన్ సభలో, ఫలితం లేని ఈ తెలుగు మిషన్‌ను మూసివేద్దామన్న మాట వచ్చింది. గోడమీది పటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా కనిపిస్తున్నదని ఎవరో అన్న మాట పట్టుకుని, శామ్యూల్ స్మిత్ అనే కవి ఆ పేరుతోనే ఒక గీతం రాశారు. సభ మనసు మారింది. నక్షత్రం మిగిలింది. మరుసటి సంవత్సరం, 1854 జనవరి 1న తెల్లవారుజామున, జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే విశ్వాసులు - మొత్తం ఐదుగురు - ఒంగోలులో కొండెక్కి ప్రార్థించారు. నేటికీ దానిని ప్రార్థన కొండ అనే పిలుస్తున్నాం.

అప్పుడు లెక్కలే చూసుకుని ఉంటే ఏమయ్యేది? 1865లో జాన్ క్లౌ నెల్లూరుకు వచ్చేవారు కాదు. అప్పటికాయన వయసు 28 ఏళ్లు. మరుసటి ఏడు ఆయన ఒంగోలు వెళ్లారు. 1904 వరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేదని మన పిల్లలలో చాలామందికి తెలియదు. 1876-78 మహా కరవులో, జనం ఆకలితో రాలిపోతున్న వేళ, క్లౌ మన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి, కూడు చూపించారు. గమనించవలసింది ఇది: ఆ కరవు కాలంలో బాప్తిస్మం ఇవ్వడం ఆయన ఆపివేశారు. తిండి కోసం ఎవరూ విశ్వాసం ఒప్పుకోకూడదన్నది ఆయన పట్టుదల. అంటే అన్నం పెట్టిన నెలల్లో ఆయన రిపోర్టులో లెక్క సున్నా! కరవు సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న సున్నాలను చెప్పుకోం.

అందుకున్న సంఘం పంపే సంఘం కావాలి. అదీ జరిగింది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరింది. 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు అలా చెరకు తోటలకు, తేయాకు తోటలకు, గనులకు వెళ్లారు. వారిలో తెలుగువారు ఎందరో. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల కూలి. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. దొరల పుస్తకాల్లో ఆ నంబరే మనిషి. 1895 చట్టంతో, ఒప్పందం ముగిశాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా ఉండిపోయిన వారి మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను పడింది. అది రద్దయింది 1914లో.

ఆ తోటల్లోని తెలుగు విశ్వాసులు తమకొక కాపరి కావాలని స్వదేశపు సంఘాలను వేడుకున్నారు. తెలుగు బాప్టిస్టు సంఘాల హోం మిషనరీ సొసైటీ, నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యగారిని పంపింది. 1903లో ఆయన భార్య కనకమ్మగారితో, పిల్లలతో డర్బన్‌లో ఓడ దిగారు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1914లో నటాల్ ఇండియన్ బాప్టిస్టు అసోసియేషన్ ఆవిర్భవించింది. 1915లో ఆయన ప్రభువు నందు నిద్రించారు. తరువాత ఆయన కుమారుడు కూడా అక్కడే పరిచర్య చేశారు.

తేదీలు ఇంతే. కానీ ఆయన రోజులెలా గడిచి ఉంటాయి? తెల్లారితే కూలీలు తోటలో ఉంటారు. వారికి తీరిక దొరికేది పొద్దు వాలాకే, లేదా ఆదివారమే. ఒక తోటకూ మరో తోటకూ మధ్య కొండదారులు. పగలంతా నంబరుతో బతికిన మనిషిని సాయంత్రం పేరు పెట్టి పిలవడం, ఆమె ఊరేదో అడగడం, తన భాషలో ఒక వాక్యం చదివి వినిపించడం - ఆ పరిచర్య ఎంత విలువైనదో ఊహించవచ్చు. మనిషికి నంబరు తగిలించడం తోటల యజమానులు చేసిన పని. ఆ పనినే మనం మిషనరీ రిపోర్టులో చేస్తున్నామా అన్నదే మా బాధ.

బైబిలు మన కళ్లు తెరుస్తుంది. అంతియొకయ సంఘం బర్నబాను, సౌలును పంపింది (అపొ. కా. 13). వారు తిరిగి వచ్చి దేవుడు చేసినవన్నీ వివరిస్తే సంఘం కూర్చుని విన్నది (14:27). పౌలు థెస్సలొనీకలో ఉన్నప్పుడు అతని అవసరాన్ని తెలుసుకుని ఒకటి రెండుసార్లు సాయం పంపింది ఫిలిప్పీ సంఘం (ఫిలిప్పీ 4:16). డబ్బుతో సరిపెట్టక ఎపఫ్రొదితు అనే మనిషినే పంపింది. ఇక తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో, అంతటి అపొస్తలుడు అడిగిందేమిటి? త్రోయలో వదిలి వచ్చిన అంగీ, పుస్తకాలు, చలికాలానికి ముందే రమ్మని ఒక స్నేహితుణ్ణి (4:13, 21). లోకాన్ని కదిలించిన మిషనరీకి కూడా చలి వేసింది. ఆ మాటను పరిశుద్ధ లేఖనంలో ఉంచడానికి దేవుడు వెనుకాడలేదు.

ఇప్పుడు మా సంఘంలో పద్ధతి మార్చుకున్నాం. ఫోన్ మొదట స్త్రీల సమాజం చేతికే వెళుతుంది. ఏం తిన్నారు, నిద్ర పట్టిందా, కొత్తగా ఏ మాట నేర్చుకున్నారు, మీ పక్కింటివాళ్ల పేరేమిటి అని అడుగుతాం. మేము కూడా ఊరి సంగతులు చెబుతాం. వేటకు పోయిన పడవలు వచ్చాయా, వాన పడిందా, వాళ్ల అమ్మకు మోకాలినొప్పి తగ్గిందా - ఇవీ చెబుతాం. ఆ పక్కింటివాళ్ల పేర్లే రాత్రి ప్రార్థనలో మా నోట పలుకుతాయి. విచిత్రమేమిటంటే, ఆ అబ్బాయి ఇప్పుడు మేము అడగకుండానే పరిచర్య గురించి చెబుతున్నాడు.

మీ సంఘం నుంచి కూడా ఎవరో ఒకరు దూరదేశంలోనో, మన దేశంలోనే భాష తెలియని పల్లెలోనో ఉండి ఉంటారు. ఈ ఆదివారం వారికి ఒక్క ఫోన్ చేయండి. లెక్కలు దేవుని దగ్గర భద్రంగా ఉంటాయి. మనం అడగవలసింది మాత్రం, ఇంటికి ఆలస్యంగా వచ్చిన బిడ్డను తల్లి అడిగే ఆ మొదటి మాటే.