వేరులో క్రిమి – పెరటిలో ఔషధం

నులిపురుగులు అనగానే మన తల్లులకు గుర్తుకు వచ్చేవి పిల్లల కడుపునొప్పి, వాయువిడంగాల చూర్ణం. ఆ వర్గానికే చెందిన క్రిములు భూమిలోనూ ఉన్నాయి. అవి మొక్కల వేళ్ళను ఆశ్రయించి జీవిస్తాయి. వంగ, టమాట, బెండలే గాక, మనం మందుకని కోసుకునే ఆకుల మొక్కలు కూడ వాటికి ఆహారమే. ఈ సంగతి తెలిసిన గృహస్థులు తక్కువ. మామిడి తోటల నడుమ నలభై ఏండ్లుగా వైద్యం చేస్తున్నవానిగా, తెలియకపోవడం వలన కలిగే అనర్థాన్ని కన్నులారా చూచినవానిగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా గుర్తుపట్టే విధానం. నీరు పెట్టినా వంగ మొక్క మిట్టమధ్యాహ్నం తల వాల్చి, సాయంకాలానికి తేరుకుంటుంది. ఆకులు క్రమంగా పసుపుబారుతాయి. ఎరువు తక్కువైందని మరింత ఎరువు వేస్తారు, ఫలితం ఉండదు. అట్టి మొక్కను నెమ్మదిగా పెరికి వేళ్ళు కడిగి చూడండి. పూసలు గ్రుచ్చినట్లు బుడిపెలు కనబడితే అది వేరుబుడిపె నులిపురుగు పని. పెసర, చిక్కుడు, వేరుశనగ వేళ్ళకు కూడ బుడిపెలు ఉంటాయి గాని అవి మేలు చేసేవి. వాటిని గోటితో గీరితే ఊడివస్తాయి, చిదిపితే లోపల గులాబి రంగు కనబడుతుంది. నులిపురుగు బుడిపె అట్లా ఊడదు. వేరే ఉబ్బి బుడిపె అవుతుంది గనుక, దానిని తీయాలంటే వేరును త్రుంచవలసిందే.

ఈ పిల్లపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడ ఉండదు. వేరుకొన వద్ద లోపలికి చేరి, అక్కడి కణాలను తన కోసం పెద్దవిగా పెరిగేట్లు చేసి, కదలకుండా కూర్చుని ఆహారం పీలుస్తుంది. ఆడపురుగు ఉబ్బి బేరిపండు ఆకారం దాల్చి, జిగురుసంచిలో కొన్ని వందల గ్రుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో దాదాపు నెల రోజులకొక తరం. 1855లో ఇంగ్లండులో బర్క్‌లీ అనే శాస్త్రజ్ఞుడు దోస వేళ్ళపై ఈ బుడిపెలను మొదట వర్ణించాడు. మన దేశంలో 1901లో బార్బర్ అనే ఆయన తమిళనాడులోని దేవాల తేయాకు తోటలో గుర్తించాడు. ఈ వర్గపు పురుగులకు ఆశ్రయమిచ్చే మొక్కలు రెండు వేల రకాలకు పైబడి ఉన్నాయి. కావున ఒక్క పంటను మాని మరొకటి వేసినంత మాత్రాన పీడ వదలదు, ఏది మాని ఏది వేస్తున్నామో తెలియాలి.

మామిడికి దీనివలన భయమా అని మా ప్రాంతం రైతులు అడుగుతుంటారు. వేరుబుడిపె పురుగుకు మామిడి అంతగా రుచించదు. మామిడి వేళ్ళను వెలుపలి నుండి పీల్చే వేరొక జాతి ఉన్నది. సిద్దిఖీ అనే భారతీయ శాస్త్రజ్ఞుడు 1961లో దానికి మామిడి పేరుతోనే నామకరణం చేశాడు. ఎదిగిన రసాల చెట్టు, బంగినపల్లి చెట్టు దానిని చాలవరకు తట్టుకుంటాయి. చిక్కంతా చెట్ల నడుమ ఉన్నది. లేత తోటలో మొదటి కొన్నేండ్లు వంగ, టమాట, బెండ, దోస, సొర అంతరపంటలుగా వేస్తారు. ఇవన్నీ వేరుబుడిపె పురుగుకు ప్రియమైనవే. మా వైపు తేలికపాటి ఎర్రనేలలలో అది సులభంగా సంచరిస్తుంది. అంతరపంటలకు కాలం చెల్లిన తరువాత కూడ అక్కడ మొలిచే కలుపు దానిని పోషిస్తూ ఉంటుంది.

ఇప్పుడు పెరళ్ళలోకి, తోటలలోకి విరివిగా వస్తున్న జామ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1983లో చైనాలోని హైనాన్ ద్వీపంలో కనుగొన్న ఒక వేరుబుడిపె జాతి ఇటీవలి సంవత్సరాలలో మన దేశపు జామతోటలను పట్టి పీడిస్తున్నది. ఇతర జాతులను తట్టుకునే టమాట రకాలు సైతం దీనికి లొంగిపోతాయి. నర్సరీ సంచిలోని మట్టితోనే అది ఇంటికి వస్తుంది. అంటు కొనేటప్పుడు ఆకుల నిగనిగలు చూచి మురిసిపోక, సంచి అడుగు కోసి వేరు చూపించమని అడగండి. చూపించనివాని వద్ద కొనకండి.

ఇక వైద్యునిగా నాకు ముఖ్యమైన భాగం. గుంటగలగర, కామంచి, గంగపాయలకూర, తోటకూర జాతులు, వెన్నదేవికూర, ఇవన్నీ మన పొలంగట్లమీద ఉచితంగా దొరికే ఔషధాలు. వైద్యశాస్త్రం మొదటిదానిని భృంగరాజమని, రెండవదానిని కాకమాచి అని కొనియాడింది. ఇవన్నీ వేరుబుడిపె పురుగుకు ఆశ్రయాలే. పెరటి సబ్జా మొక్క కూడ అంతే. అశ్వగంధ, అంటే మన వాడుకలో పెన్నేరు, వంగ కుటుంబానికే చెందినది గనుక దానికి ఈ బెడద మరీ ఎక్కువ. ఆకును వాడే మొక్కకు పురుగు పడితే దిగుబడి తగ్గుతుంది, అంతే. వేరునే వాడే మొక్కకు పడితే మందే పోయినట్లు. మంచి పెన్నేరు నునుపుగా, తిన్నగా ఉండి, విరిస్తే ఫెళ్ళున విరిగి లోపల తెల్లగా పిండివలె కనబడుతుంది. బుడిపెలు పట్టి, చీలికలై, నల్లబడిన వేరును నేను చూర్ణానికి తీసుకోను. పొడి చేసిన తరువాత మంచిచెడ్డలు ఎవరికీ కనబడవు గనుక, వేరుగా కొని ఇంట దంచుకోవడమే మేలు.

కొన్నేండ్ల క్రిందట, ఫోరేటు గుళికలు ఇంకా అంగళ్ళలో దొరికే రోజులలో, ఒక ఇల్లాలిని నా వద్దకు తీసుకువచ్చారు. కామెర్లకు మంచిదని ఎవరో చెప్పగా, వంగమడిలో మొలిచిన గుంటగలగరను వేళ్ళతో సహా పెరికి, నూరి, పసరు త్రాగింది. చెమటలు, చొంగ, వాంతులు, ఆవగింజలవలె చిన్నవైన కంటిపాపలు. అది కామెర్లూ కాదు, పసరు వేడీ కాదు. నాలుగు రోజుల ముందు ఆ మడిలో నులిపురుగులకని గుళికలు చల్లారట. వెంటనే ఆసుపత్రికి పంపించాను, దైవానుగ్రహం వలన బ్రతికింది. అట్టి గుళికల విషం వేరు ద్వారా మొక్క అంతటా వ్యాపిస్తుంది, వంగకూ కలుపుకూ తేడా చూడదు. ఫోరేటును మన ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుండి పూర్తిగా నిషేధించింది. అయినప్పటికీ పాత డబ్బాలు కొట్టంలో మిగిలి ఉండవచ్చు, వేరే పేరుగల విషాలూ ఉన్నాయి. ఎవరి మడిలోనిదో తెలియని ఆకును మందుగా ఎన్నడూ తీసుకోకండి.

బుడిపెలున్న క్యారట్, బీట్‌రూట్ తింటే పిల్లలకు నులిపురుగులు పడతాయా అని గృహిణులు అడుగుతారు. పడవు. మొక్కల పురుగు మనిషి దేహంలో జీవించలేదు. చూపుకు బాగుండదు గాని, చెక్కు తీసి వండుకొనవచ్చును. తోటలో భయపడవలసినది దాని దాయాది కొంకిపురుగు. బహిర్భూమికి వెళ్ళిన చోట దాని పిల్లలు తడిమట్టిలో పొంచి ఉండి, చెప్పులు లేని కాలి చర్మం గుండా లోనికి చేరి, రక్తహీనత కలిగిస్తాయి. పిల్లలకు 2015 నుండి బడులలో, అంగన్‌వాడీలలో ఇస్తున్న నులిపురుగుల మాత్రను తప్పక వేయించండి. నా వాయువిడంగాలు దానికి పోటీ కావు.

ఇక నివారణ. చరకుడు విమానస్థానంలో క్రిమిచికిత్సకు మూడు మార్గాలు చెప్పాడు: క్రిమిని లాగివేయడం, అది పెరిగే ప్రకృతిని చెడగొట్టడం, దానికి హేతువైనవాటిని వర్జించడం. గురుకులంలో ఇది మనిషి కడుపు కోసమే చదువుకున్నాను. భూమికీ ఇది అక్షరాలా సరిపోతుంది.

లాగివేయడమంటే, కాపు అయిన వంగను కొడవలితో కోసి వదలక, వేళ్ళతో పెరికి ఎండబెట్టి తగులబెట్టడం. దానితోపాటు కలుపునూ పెరకాలి. లేనియెడల పురుగుకు ఇల్లు మిగిల్చినట్లే. రోహిణికార్తె ఎండలలో మడిని రెండు మూడు మార్లు లోతుగా తిరగవేయండి. చిన్న నారుమడి అయితే తడిపి, పలుచని పాలిథిన్ పట్టా గట్టిగా కప్పి అయిదారు వారాలు ఉంచండి.

ప్రకృతిని చెడగొట్టేందుకు వేపపిండి ఉన్నది. చదరపు మీటరుకు వంద గ్రాముల చొప్పున నాటడానికి రెండు మూడు వారాల ముందు కలిపి తడుపుతాను. బంతి వేళ్ళలో నులిపురుగులను చంపే పదార్థం ఉన్నదని 1958లో డచ్చి శాస్త్రజ్ఞులు నిరూపించారు. అయితే గట్టున నాలుగు బంతి మొక్కలు పెట్టి ఫలితం ఆశించడం వృథా. మడి నిండా ఒత్తుగా, కనీసం రెండు మాసాలు ఉండాలి. భాద్రపదంలో వేస్తే సంక్రాంతి గొబ్బెమ్మలకు పూలు దక్కుతాయి, ఆ తరువాత మొదళ్ళను అందులోనే కలియదున్నవచ్చును.

వర్జించడమనగా, వంగ తరువాత టమాట, టమాట తరువాత బెండ వేయకుండుట. వాటికి బదులు నువ్వులో జనుమో వేయండి, ఇవి వేరుబుడిపె పురుగును పెంచవు. ఆముదం సంగతి విచిత్రం. వేరుబుడిపె పురుగుకు అది అంతగా పనికిరాదు గాని, మూత్రపిండాకార నులిపురుగు అనే మరొక జాతికి చక్కని నెలవు. బొప్పాయి, పత్తి, కందిని బాధించేది ఆ రెండవదే. కావున బొప్పాయి పెట్టదలచిన చోట ఆముదం వద్దు. అరటిపిలకలు ఎవరైనా ఇస్తే దుంప చుట్టూ నల్లమచ్చలు పోయేవరకు చెక్కి, మంచిభాగమే నాటండి. ఆ మచ్చలలో తొలుచు నులిపురుగు ఉండవచ్చును. అల్లం, పసుపు విత్తనానికీ ఇదే పరీక్ష.

మందుమొక్కలను కుండీలలో పెంచుకునేవారు కూరగాయల మడి మట్టి వాడవద్దు. వేరొకచోటి మట్టిని వేసవి ఎండలో పలుచగా పరచి, రెండు వారాలు తిరగేస్తూ ఎండబెట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. గుంటగలగర అట్టి కుండీలో నీరు పెట్టినంతకాలం పెరుగుతుంది. తలనూనెకు కావలసిన ఆకు రెండు కుండీల నుండి వస్తుంది.