పంక్తులను కలపడం ఎలా?



ఢిల్లీలోని ద్వారకలో నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. దానికి ఉత్తరం రాస్తే కవరు మీద చిరునామా మూడు పంక్తులలో వస్తుంది. మొదటిది సంస్థ పేరు. రెండవది ‘ఆజాద్ హింద్ ఫౌజ్ మార్గ్, సెక్టర్ 3, ద్వారక’. మూడవది ‘న్యూఢిల్లీ 110078’. ఇటువంటి చిరునామాలు వెయ్యి ఒక ఫైలులో ఉన్నాయనుకోండి. వాటిని పట్టికగా మార్చాలంటే ఒక్కొక్క చిరునామా ఒకే పంక్తిలోకి రావాలి. చేతితో చేస్తే రెండు వేల చోట్ల కలపాలి. లినక్స్‌లో ఒక్క ఆదేశం చాలు.

ముందుగా పంక్తి అంటే ఏమిటో చూద్దాం. తెర మీద పంక్తులు ఒకదాని కింద ఒకటి కనిపించినా, ఫైలులో అక్షరాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి. పంక్తి ముగిసిన చోట కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 10. ఆ గుర్తును తీసి, దాని స్థానంలో మరొకటి పెట్టడమే పంక్తులను కలపడం.

చాలామంది దీనికి ‘సెడ్’ వాడి చూస్తారు. మామూలుగా ఆ గుర్తును మార్చమంటే ఏ మార్పూ జరగదు. ఎందుకంటే సెడ్ పంక్తిని చదివేటప్పుడే గుర్తును తీసి పక్కన పెడుతుంది, రాసేటప్పుడు తిరిగి చేరుస్తుంది. ఎదుట లేనిదానిని అది ఎలా మారుస్తుంది? ‘టీఆర్’ మార్చగలదు. కానీ మూడు వేల పంక్తులనూ ఒకే పంక్తి చేసేస్తుంది.

మనకు కావలసింది ‘పేస్ట్’. దాని పక్కన మూడు అడ్డగీతలు ఎడంగా టైపు చేసి, ఫైలును అందించండి. ఒక్కొక్క గీత ఒక్కొక్క పంక్తిని వరుసగా అందుకుంటుంది. వాటి మధ్య ట్యాబ్ వస్తుంది. చిరునామాలోనే కామాలున్నాయి కనుక ట్యాబ్ ఉండటమే మంచిది.

అయితే ఒక చిరునామాకు నాలుగు పంక్తులుంటే? అక్కడి నుంచి వరుస తప్పుతుంది. ఒకరి పేరు పక్కన మరొకరి పిన్‌కోడ్ చేరుతుంది. పేస్ట్ హెచ్చరించదు, అది పంక్తులను లెక్కిస్తుందే తప్ప అర్థం చేసుకోదు.

అందుచేత చిరునామాల మధ్య ఒక ఖాళీ పంక్తి వదిలి, 1977లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన ‘ఆక్’ను వాడండి. రికార్డులను విడదీసే గుర్తును శూన్యంగా ఉంచితే, అది ఖాళీ పంక్తి వచ్చేవరకు ఉన్నదంతా ఒకే రికార్డుగా తీసుకుంటుంది. పంక్తులు మూడైనా నాలుగైనా చిరునామా చెదరదు.

అభ్యాసం: ఐదు చిరునామాలు ఊహించి టైపు చేయండి. రెండవదానికి కావాలనే నాలుగో పంక్తి చేర్చండి. ముందు పేస్ట్‌తో, తరువాత ఖాళీ పంక్తులు పెట్టి ఆక్‌తో కలపండి. ఐదవ ఉత్తరం ఎవరికి చేరుతుందో గమనించండి.