మనోవేదనకు కులం లేదా?

మానసిక ఆరోగ్యంపై మన చర్చ తరచూ నగరాల్లో మొదలై నగరాల్లోనే ముగుస్తోంది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే ఆరంభమైంది. ప్రాథమిక కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదునిస్తే ఈ చికిత్సను పల్లెల దాకా తీసుకుపోవచ్చునని బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ చేసిన ప్రయోగం చూపింది. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. అయినా 2015–16 జాతీయ సర్వే ప్రకారం, ఆయా రుగ్మతలను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

దీన్ని వైద్యుల కొరతగా మాత్రమే చూడడం సగం సత్యం. నిద్ర పట్టని ఒక దళిత కూలీ స్త్రీ జిల్లా ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. మందు నెలనెలా కావాలి. ప్రయాణం ఆగితే మందూ ఆగుతుంది. చిన్న పట్టణాల్లో మరో అడ్డంకి ఉంది. పేరు, ఊరు చెప్పగానే వాడ తెలుస్తుంది, వాడతో కులమూ తెలుస్తుంది. తనను అవమానించినవారి బంధువే బల్లకు అవతల కూర్చుంటే, ఆమె నిద్రలేమి గురించి చెబుతుంది గాని దాని కారణం చెప్పదు. 2022లో వచ్చిన టెలీ-మానస్ నంబరు 14416 మేలైనదే. కాని ఒకే గది, ఒకే ఫోను ఉన్న ఇంట్లో మనసు విప్పే ఏకాంతం ఎక్కడిది?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ చికిత్స హక్కులో కుల వివక్షను పేరు పెట్టి నిషేధించింది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఉచిత చికిత్సను హక్కుగా ప్రకటించింది. చట్టం ఉచ్చరించిన ‘కులం’ అన్న మాట చిన్న పట్టణపు క్లినిక్‌లో ఎందుకు వినబడదు?

2016లో రోహిత్ వేముల మరణం విద్యాసంస్థల్లోని కుల వివక్షను దేశం ముందు నిలబెట్టింది. అటువంటి మరణాలను వ్యక్తిగత కుంగుబాటుగా కుదించడం అన్యాయం. వివక్షను ఖండించి, బాధితుల చికిత్సను పట్టించుకోకపోవడమూ అన్యాయమే. మాత్ర నిద్రనిస్తుంది, న్యాయం ఇవ్వదు. రెండూ కావాలి.

కనుక ప్రతి మండల కేంద్రంలో వారానికి ఒక నిర్ణీత దినాన మానసిక వైద్యసేవ, అక్కడే ఉచిత మందులు ఉండాలి. దళిత, ఆదివాసీ, బహుజన యువతకు కౌన్సెలర్లుగా శిక్షణ, ఉద్యోగం ఇవ్వాలి. అవమానం, దాడి వల్ల వచ్చిన వేదనను గుర్తించి, బాధితులు కోరితే న్యాయ సహాయానికి దారి చూపే బాధ్యత క్లినిక్‌కు ఉండాలి. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్న మాట మనకింకా తిట్టుగానే మిగిలింది. వైద్యం వాడకు చేరువైననాడే ఆ తిట్టు పదును పోతుంది.