మధుమేహము గల పిల్లి: ఇంటి సంరక్షణ

పిల్లికి మధుమేహమేమని శ్రోతలలో కొందరు నవ్వవచ్చును. కాని మనుష్యులకు వచ్చు ఆ వ్యాధియే పిల్లికిని వచ్చును. ఏడెనిమిదేండ్లు దాటి, ఒడలు పెరిగి, కదలక పడియుండు పిల్లులలో ఇది తఱచు. విత్తుకొట్టించిన గండుపిల్లులలో మఱింత తఱచు. నీరు మితిమీఱి త్రాగుట, మాటిమాటికి మూత్రము పోయుట, కడుపునిండ తినుచున్నను చిక్కిపోవుట దీని లక్షణములు. ముదిరినచో నరములు చెడి, వెనుక కాళ్ల మడమలు నేలకానించి నడచును. రక్తమును, మూత్రమును పరీక్షించి పశువైద్యుడు నిర్ణయింపవలసినదే కాని మనము ఊహింపరాదు.

1921లో కెనడా దేశమునందలి టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు మొదలగువారు కనుగొనిన ఇన్సులినే నేడు పిల్లులకును ప్రాణాధారము. సాధారణముగా దీనిని పండ్రెండు గంటలకొక మాఱు, దినమునకు రెండు మాఱులు చర్మము క్రింద ఇత్తురు. మెడమీదనో ప్రక్కనో వదులుగానున్న చర్మమును పైకెత్తి పొడిచినచో బాధ స్వల్పము. పొడుచు చోటు మార్చుచుండవలెను. తెఱవని సీసాను రిఫ్రిజిరేటరులో 2 మొదలు 8 డిగ్రీల చలువలో ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు.

ఇక సిరంజి మాట. మన దేశపు మందులంగళ్లలో మిల్లీలీటరునకు 40 యూనిట్లు గలదియు, 100 యూనిట్లు గలదియు, రెండు విధముల ఇన్సులిను దొరకును. దేని సిరంజి దానికే. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలో ఒక యూనిటు గుర్తు వఱకు తీసినచో, లోపలికి పోవునది ఒకటి కాదు, రెండున్నర. పెక్కు పిల్లులకు మొదట పూటకొక్క యూనిటు మాత్రమే నిర్ణయింతురు. కావున ఈ పొరపాటు ప్రాణాంతకము కావచ్చును.

చక్కెర హెచ్చుట నెమ్మదిగా చెఱచును. మితిమీఱి తగ్గుట గడియలలో చంపును. అందుచేత సూది పట్టుటకు ముందు గిన్నె చూడుడు. పిల్లి తినినదా? తినకున్నను, వాంతి చేసికొన్నను, పూర్తి మోతాదు ఈయక వైద్యునడుగుడు. మందు లోనికి పోయినదో, వెండ్రుకలపై ఒలికినదో సందేహము కలిగినచో మరల పొడువరాదు. తరువాతి వేళకై వేచియుండుడు. పిల్లి తూలినను, వణకినను, సోలిపోయినను తేనెయో చక్కెరపాకమో వ్రేలితో చిగుళ్లకు రాచి, వెంటనే వైద్యునొద్దకు కొనిపోవలెను. స్పృహ లేని పిల్లి నోట ఏమియు పోయరాదు.

ఆహారమును మందు వంటిదే. మన యిండ్లలో పిల్లికి పాలన్నము, పెరుగన్నము పెట్టుట వాడుక. పిల్లి పుట్టుకచేత మాంసాహారి. బియ్యములోని పిండిపదార్థము దాని రక్తమున చక్కెరను పెంచును. మాంసకృత్తులు హెచ్చుగను, పిండిపదార్థములు మిక్కిలి తక్కువగను ఉన్న మేత కావలెను. ఉప్పుకారములు, ఉల్లి, వెల్లుల్లి చేర్చక ఉడికించిన కోడిమాంసమును, చేపయు మంచివే గాని, అవి మాత్రమే చాలవు. పిల్లులకై డబ్బాలలో వచ్చు తడిమేత ఎక్కువ సమగ్రమైనది. మాంసము వండని గృహస్థులకు సౌకర్యమును.

లంఖణము పరమౌషధమను సామెత పిల్లికి చెల్లదు. బొద్దుపిల్లి రెండు మూడు దినములు తినకున్నచో క్రొవ్వు కాలేయమున చేరి దానిని చెఱచును. బరువు మెల్లమెల్లగా తగ్గవలెను. మేతను వారము పది దినములలో క్రమక్రమముగా మార్చవలెను. మేత మారినకొలది ఇన్సులిను అవసరము తగ్గవచ్చును గనుక, వైద్యునకు ముందుగా తెలుపక మేత మార్చుట అపాయకరము.

పిల్లి బెదరినప్పుడును రక్తమున చక్కెర పెరుగును. అందుచేత వైద్యశాలలో కనబడు అంకె కంటె, ఇంట చెవి అంచున చుక్క రక్తము తీసి గ్లూకోజు మీటరుతో చూచినది తఱచు నమ్మదగినది. ఆ అంకెయు, వేళయు, తినిన పాళ్లును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. తొలినెలలలోనే చికిత్స చక్కగా సాగినచో, కొన్ని పిల్లులకు కొంతకాలమునకు ఇన్సులినే అక్కఱలేకపోవుట కలదు. అయితే మందు మానుటను నిర్ణయింపవలసినది వైద్యుడు. ఆ నిర్ణయమునకు ఆధారము మీరు వ్రాసిన ఆ పుస్తకము.