టో బార్ కుదరనంటే

కారు వెనక బంపర్ కింద నుంచి హంస మెడలా వంగి వచ్చే ఉక్కు కడ్డీ, దాని కొసన 50 మిల్లీమీటర్ల గుండు. ట్రెయిలరైనా, కారవానైనా, సైకిళ్ల స్టాండైనా ఆ గుండుకే తగిలిస్తారు. మన దగ్గర కార్లకి ఇది అరుదు. బ్రిటన్‌లో మాత్రం వీధికి ఒకటి రెండు కార్లకైనా కనిపిస్తుంది. 2021 డిసెంబర్ 16 నుంచి అక్కడ మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు ట్రెయిలర్ లాగనిస్తున్నారు. గ్యారేజీ కూలికి జడిసి కిట్ తెప్పించుకుని, శనివారం పూట సొంతంగా బిగించుకుందామని కారు కిందకి దూరేవాళ్లలో అక్కడి తెలుగువాళ్లూ ఉంటారు.

దూరేముందు చూడాల్సింది కారు తయారీదారు బిగించిన వివరాల రేకు. అందులో నాలుగు బరువులుంటాయి. రెండోది కారు, ట్రెయిలర్ కలిపి మోయదగ్గ మొత్తం. ఆ గడి ఖాళీగానో సున్నాగానో ఉంటే ఆ కారు ట్రెయిలర్ లాగడానికి పనికిరాదు, కథ అక్కడితో సరి.

ఇక అసలు తగువు. బంపర్ తొడుగు విప్పారు, టో బార్ అడ్డ దూలాన్ని ఎత్తి చాసిస్‌కి ఆనించారు. మూడు బోల్టులు ఎక్కాయి. నాలుగో రంధ్రంలోకి తొంగిచూస్తే సగం బోల్టు దారి, సగం రేకు. ఆ క్షణంలో చెయ్యి డ్రిల్లు మీదకి పోతుంది. చాలాసార్లు అక్కడ తప్పు కారుదీ కాదు, టో బార్‌దీ కాదు, మనం బిగించిన వరసది. ఒక పక్క రెండు బోల్టుల్నీ స్పానర్‌తో గట్టిగా బిగించేస్తే రెండో పక్క ఎటూ జరగలేదు. తయారీలో వచ్చే చిన్న తేడాలను సర్దుకోవడానికే బ్రాకెట్ల రంధ్రాలను కోలగా చేస్తారు. ఆ వెసులుబాటు అంతా మొదటి పక్కే తినేస్తుందన్నమాట. అన్నీ వదులు చేసి, కింద జాకీ ఆనించి, ప్రతి బోల్టునీ వేళ్లతోనే ఎక్కించి, దూలాన్ని కారు మధ్యకి సరిచూసుకున్నాక అప్పుడు బిగించాలి. అయినా కుదరకపోతే కుడి బ్రాకెట్ ఎడమకి వచ్చిందేమో, తలకిందులైందేమో చూడండి. అద్దంలో బొమ్మల్లా ఉండే ఆ రెండూ తారుమారవడం మామూలే. పని అయ్యాక తెలుసుకునే ఉపాయమూ ఉంది. లోడుతో ఉన్న కారుకి గుండు మధ్యభాగం నేల నుంచి 350, 420 మిల్లీమీటర్ల మధ్య ఉండాలన్నది యూరప్ కొలత. అంతకంటే బాగా కిందకో పైకో ఉంటే ఎక్కడో ఏదో తిరగబడిందని అర్థం.

రెండో చిక్కు మురికి. చాలా కార్లలో చాసిస్ పెట్టె లోపల కంపెనీవాళ్లే నట్లు వెల్డ్ చేసి ఉంచుతారు, ఎప్పుడైనా టో బార్ పెట్టుకుంటారని. ఏళ్ల తరబడి అందులోకి మైనం, పెయింటు, తుప్పు చేరతాయి. బోల్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అప్పుడు బలం చూపిస్తే వెల్డ్ ఊడి నట్టు లోపల బోల్టుతోపాటే గిరగిరా తిరగడం మొదలెడుతుంది. మూసిన పెట్టెలో దాన్ని పట్టుకునే దారి లేదు, రేకు కోయాల్సిందే. చేయాల్సింది చిన్న పని. నూనె రాసిన ట్యాప్‌తో ఆ మరల్ని శుభ్రం చేసుకోవాలి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. నల్లటి జిడ్డు, తుప్పు పొడి బయటికి వస్తూంటే పని జరుగుతున్నట్టే. ఎం12 అనగానే ఏదో ఒక ట్యాప్ కొనకండి. మామూలు ఎం12 బోల్టుకి మర దూరం 1.75 మిల్లీమీటర్లు, సన్న మర బోల్టులు 1.5, 1.25లలోనూ వస్తాయి. కిట్‌తో వచ్చిన బోల్టుని షాపుకి పట్టుకెళ్లడం మేలు.

బ్రాకెట్ ఆనే చోట మెత్తటి అండర్‌సీల్ పూత ఉంటే గీకేయాలి. ఇనుముకీ ఇనుముకీ మధ్య అది ఉంటే బరువుకి మెల్లగా నలిగి పక్కకి జారుతుంది, బిగించిన బోల్టు బిగి అంతా పోతుంది. గీకిన చోట తుప్పు పట్టకుండా జింక్ పెయింటు పల్చగా వేస్తే చాలు.

చాసిస్ రంధ్రాలన్నీ సరిపోయి బంపర్ మాత్రం తిరిగి కూర్చోకపోతే కొన్నది పక్క మోడల్‌ది అయ్యుండొచ్చు. ఒకే పేరుతో హ్యాచ్‌బ్యాక్, ఎస్టేట్, మధ్యలో ముఖం మార్చిన కొత్త రూపం, స్పోర్ట్ బంపర్ రకం ఉంటాయి. స్పోర్ట్ రకంలో చాసిస్ అదే అయినా ప్లాస్టిక్ కిందకి దిగి మెడకి అడ్డొస్తుంది. ఇక్కడ కోత తప్పదు, భయపడక్కర్లేదు కూడా. కిట్‌లో వచ్చే కాగితపు అచ్చుని బంపర్ లోపలి వైపు అతికించి, గీత కంటే కాస్త తక్కువే కోసి, పెట్టి చూసి, మళ్లీ ఆకురాయితో పెంచుకోవాలి. సైలెన్సర్ పైన ఉండే పల్చటి హీట్ షీల్డ్ రేకూ అంతే, కత్తెరకి లొంగుతుంది.

ఇదంతా అయ్యాక ఒక పెద్ద ఇనప దూలం నేల మీద మిగిలిపోతుంది, చూసి గుండె జారుతుంది. అది కారుతో వచ్చిన గుద్దుడు దూలం. చాలా మోడళ్లలో టో బార్ దాని స్థానంలోకే వస్తుంది, పాతదాన్ని తిరిగి పెట్టొద్దని సూచనల కాగితమే చెబుతుంది. కారు ఆగిపోతే లాగడానికి వెనక మరతో బిగించే కొక్కేనికి చోటు ఆ దూలంలోనే ఉంటే అదీ పోతుంది.

ప్లాస్టిక్ ఎంతైనా కోసుకోమంటున్నవాణ్ణి, టో బార్ ఇనుముని మాత్రం ముట్టుకోనివ్వను. రంధ్రం పెంచడం, వెల్డింగ్ పెట్టడం, వంచడం కుదరదు. చాసిస్‌కైనా సూచనల కాగితం చెప్పిన చోటే డ్రిల్లు, బోలు పెట్టె నొక్కుకుపోకుండా అది చెప్పిన గొట్టపు ముక్కలు లోపల పెట్టాకే బోల్టు. కారణం టో బార్ మీది చిన్న రేకులో ఉంది. 1998 ఆగస్టు 1 నుంచి యూరప్ ఆమోదంతో వచ్చిన కార్లకి బ్రిటన్‌లో ఆమోద ముద్ర ఉన్న టో బారే పెట్టాలి. ఆ రేకు మీద ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరం గుర్తు, 55ఆర్ అనే నిబంధన సంఖ్య, డి, ఎస్ విలువలు ఉంటాయి. డి అంటే కారూ ట్రెయిలరూ ఒకదాన్నొకటి లాగి నెట్టే బలానికి హద్దు. రెంటి గరిష్ఠ బరువులు టన్నుల్లో గుణించి, రెంటి మొత్తంతో భాగించి, 9.81తో హెచ్చించాలి. 2 టన్నుల కారు, 1.5 టన్నుల కారవాన్ అయితే సుమారు 8.4 కిలోన్యూటన్లు. రేకు మీద 7.8 అని ఉంటే ఎంత బాగా బిగించినా ఆ జోడీకి చాలదు. ఎస్ అంటే గుండు మీద నిలువుగా పడే బరువు. అది 75 కిలోలైతే, 18 కిలోల స్టాండు మీద 25 కిలోల ఎలక్ట్రిక్ సైకిళ్లు రెండే ఎక్కుతాయి. కారుకి వేరే హద్దు ఉంటే రెంటిలో తక్కువదే లెక్క.

టార్క్ రెంచ్ లేకుండా చివరి బిగింపు చేయొద్దు. పొడుగు పైపు తొడిగి లాగే అలవాటు మన మెకానిక్కులది, ఇక్కడ అది బోల్టుని సాగదీస్తుంది. 1,000 కిలోమీటర్లు తిరిగాక మరోసారి అదే అంకెతో సరిచూడమని చాలా కిట్లు చెబుతాయి.

వైరింగ్ సంగతి పొట్టిగా. చౌక వైరింగ్‌తో ట్రెయిలర్ ఎల్ఈడీ లైట్లు ఊరికే మిణుకుతుంటే షార్ట్ అనుకోకండి. బల్బు ఉందో లేదో చూడటానికి కారు కంప్యూటర్ పంపే చిన్న కరెంటుకే అవి వెలుగుతాయి. ఆ మోడల్‌కే చేసిన వైరింగ్ కొని కోడింగ్ చేయిస్తే పోతుంది. రివర్స్ సెన్సర్ గుండునే గోడనుకుని ఒకటే మోగుతుంటే కొన్ని కార్లలో అదీ కోడింగ్‌తో సర్దుకుంటుంది. నంబర్ ప్లేటుకి గుండు అడ్డొస్తే మాత్రం కోడింగ్‌తో పనికాదు, అది బ్రిటన్‌లో నేరం. అలాంటి కారుకి మెడ విప్పి తీసే రకం కొనాలి. విప్పిన ఆ బరువైన కడ్డీని డిక్కీలో స్టెప్నీ పక్కన కట్టిపెట్టే చోటుందో లేదో కొనేముందే చూసుకోండి.