మన ఎండల్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్: డెవలపర్‌లో నీళ్లెన్ని, నిమిషాలెన్ని?

తాతయ్య బీరువాలోంచి పాత ఎస్‌ఎల్‌ఆర్ బయటికి తీసి, ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రోల్ వేసి, 36 ఫొటోలు తీసేదాకా అంతా సరదాగానే ఉంటుంది. అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఇంట్లో డెవలప్ చేయాలంటే డెవలపర్‌లో ఎన్ని నీళ్లు కలపాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి? ఫోన్‌లో రా ఫైల్ అయితే ఎన్నిసార్లైనా ఎడిట్ చేసుకోవచ్చు. ఇక్కడ అన్‌డూ బటన్ లేదు. 36 ఫ్రేములకీ కలిపి ఒకటే ఛాన్స్.

మాసివ్ డెవ్ చార్ట్ లాంటి యాప్ ఓపెన్ చేస్తే ఒక టైమ్ చూపిస్తుంది. కానీ చాలావరకు ఆ టైమ్ 20 డిగ్రీల సెల్సియస్‌కి లెక్కగట్టినది. మే నెలలో విజయవాడలో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీళ్లలో ఓసారి థర్మామీటర్ పెట్టి చూడండి, నవ్వొస్తుంది. అందుకే మనకి డైల్యూషన్ అనేది లుక్‌కి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

ఉదాహరణకి హెచ్‌పీ5 ప్లస్‌ని ఐఎస్ఓ 400 దగ్గరే తీశారనుకుందాం. డెవలపర్ ఐడీ-11. ఇది పౌడర్, కొడాక్ 1927లో తెచ్చిన డీ-76కి దాదాపు కవల. పౌడర్‌ని నీళ్లలో కలిపితే వచ్చేది స్టాక్. దాన్ని అలాగే వాడితే ఇల్ఫోర్డ్ చెప్పే టైమ్ 7 నిమిషాల 30 సెకన్లు. సమానంగా నీళ్లు కలిపితే, అంటే 1+1 అయితే, 13 నిమిషాలు. ఒక వంతు స్టాక్‌కి మూడు వంతులు నీళ్లు, అంటే 1+3 అయితే, 20 నిమిషాలు. ఇవన్నీ 20 డిగ్రీల దగ్గరే. గమనించారా, నీళ్లు రెట్టింపైతే టైమ్ సరిగ్గా రెట్టింపు కాదు. కాబట్టి సొంతంగా లెక్క కట్టకుండా ఏ డైల్యూషన్‌కి ఆ టైమ్ చార్టులోనే చూసుకోవాలి.

మరి ఫొటోలో ఏం మారుతుంది? డీ-76 ఫార్ములాలో లీటరుకి 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. అంత గాఢతలో అది వెండి రేణువుల అంచుల్ని కొంచెం కరిగిస్తుంది. గ్రెయిన్ సాఫ్ట్‌గా కనిపిస్తుంది, షార్ప్‌నెస్ కాస్త తగ్గుతుంది. నీళ్లు కలిపితే ఆ కరిగించే గుణం తగ్గి గ్రెయిన్ తేలుతుంది, అంచులు పదునెక్కుతాయి. ఇంకోటి కూడా జరుగుతుంది. బాగా వెలుగు పడ్డ చోట పల్చని డెవలపర్ త్వరగా అలిసిపోతుంది, నీడల్లో మాత్రం పని సాగుతూనే ఉంటుంది. ఒకరకంగా కెమికల్ హెచ్‌డీఆర్ అన్నమాట, కాకపోతే ఫోన్ హెచ్‌డీఆర్‌లా గోల గోలగా ఉండదు. ఎర్రటి ఎండలో తెల్ల చొక్కాలు తీసినప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

ఇప్పుడు వేడి సంగతి. ఇల్ఫోర్డ్ లెక్క ప్రకారం 20 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు పట్టే పని 23 దగ్గర 3 నిమిషాల్లో అయిపోతుంది. అదే నిష్పత్తిలో వెళితే 24 దగ్గర స్టాక్‌కి సుమారు 5 నిమిషాలు, 1+1కి సుమారు 9 నిమిషాలు. 28 దగ్గర స్టాక్ టైమ్ మూడున్నర నిమిషాలకి పడిపోతుంది. ఇది డేంజర్ జోన్. 5 నిమిషాల కంటే తక్కువైతే డెవలప్‌మెంట్ సమంగా రాకపోవచ్చు, ఆకాశం లాంటి చోట మచ్చలు, చారలు పడతాయి. డెవలపర్ పోయడంలో, తీయడంలో 15 సెకన్లు అటూ ఇటూ అయినా తేడా తెలిసిపోతుంది. 13 నిమిషాల్లో 15 సెకన్లు పెద్ద లెక్క కాదు, మూడున్నరలో చాలా ఎక్కువ.

హెచ్‌సీ-110 డైల్యూషన్ బీ ఇంకా కష్టం. దాని టైమ్ 20 డిగ్రీల దగ్గరే 5 నిమిషాలు.

అందుకే నా ఓటు 1+1కే. బకెట్లో నీళ్లు పోసి, ఫ్రిజ్‌లోని ఐస్ వేసి, డెవలపర్ సీసాని అందులో నిలబెట్టి 24కి తెచ్చుకుంటే చాలు, 20 కోసం కుస్తీ పట్టక్కర్లేదు. ఫిక్సర్, కడిగే నీళ్లు కూడా దానికి దగ్గరగా ఉంచండి. వంటకి వాడే డిజిటల్ థర్మామీటర్ అయినా సరిపోతుంది.

1+3 ఎందుకు వద్దంటే, 35 ఎంఎం రోల్‌కి ప్యాటర్సన్ ట్యాంకులో 290 ఎంఎల్ పడుతుంది. 1+3లో అసలు స్టాక్ 73 ఎంఎల్ లోపే. అంత తక్కువ మందు మొత్తం రోల్‌కి సరిపోతుందా అనే బెంగ ఎప్పుడూ ఉంటుంది. 1+1లో 145 ఎంఎల్. అంటే లీటరు స్టాక్‌తో ఆరు రోల్స్. ఒకసారి వాడి పారబోయడమే. స్టాక్‌నే మళ్లీ మళ్లీ వాడితే లీటరుకి పది వస్తాయి గానీ, ప్రతి రోల్‌కీ టైమ్ పెంచుకుంటూ పోవాలి, లెక్క రాసిపెట్టుకోవాలి. అంత ఓపిక మనకెక్కడిది!

మూణ్ణెల్లకో రోల్ తీసేవాళ్లకి మాత్రం రోడినాల్ బెటర్. 1891 నాటి ఫార్ములా, చిక్కటి లిక్విడ్, సీసాలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. హెచ్‌పీ5కి 1+25 అయితే 6 నిమిషాలు, 1+50 అయితే 11. వేడి కారణంగా ఇక్కడా 1+50నే ఎంచుకోండి. గ్రెయిన్ బాగానే కనిపిస్తుంది, ఇష్టముంటేనే.

ట్యాంకు తిప్పడం కూడా టైమ్‌లో భాగమే. మొదటి 10 సెకన్లలో నాలుగు సార్లు, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగు సార్లు తలకిందులు చేయాలి. ఇష్టమొచ్చినట్టు ఊపితే కాంట్రాస్ట్ పెరిగిపోతుంది.

మొదటి రోల్‌ని మాత్రం పెళ్లి ఫొటోలకి వాడకండి. వీధిలో ఏదో ఒకటి తీసి డెవలప్ చేయండి. ఆరిన నెగటివ్‌ని ట్యాబ్లెట్ తెల్ల స్క్రీన్ మీద పెట్టి చూడండి. నీడల్లో ఏమీ లేకుండా పారదర్శకంగా ఉంటే ఎక్స్‌పోజర్ తక్కువైనట్టు, డెవలప్‌మెంట్ టైమ్ పెంచినా అవి రావు. నీడలు బాగుండి, ఆకాశం మాత్రం స్క్రీన్ వెలుగు కూడా దూరనంత నల్లగా ఉంటే వచ్చేసారి టైమ్ 10 నుంచి 15 శాతం తగ్గించండి. రెండూ ఒకేసారి మార్చారంటే దేనివల్ల ఏం జరిగిందో తెలీదు. డీబగ్గింగ్‌లో లాగే ఒక్కో వేరియబుల్.